డయాలసిస్ చేయించుకునేవారికి నడుము నొప్పి: గడియారం చూసి మొదలుపెట్టండి

అమ్మకు డయాలసిస్ మొదలై ఆరేళ్లయింది. వారానికి మూడుసార్లు, సారికి నాలుగు గంటలు. పెరంబూరులో మా ఇంటి నుంచి సెంటరుకు ఆటోలో ఇరవై నిమిషాలు. మూడో ఏట నడుము నొప్పి మొదలైంది. "అంతసేపు ఆ కుర్చీలో కదలకుండా ఉంటే నొప్పి పుట్టదా నాన్నా" అని తనకు తానే సర్దిచెప్పుకునేది. మేమూ సరేననుకున్నాం. ఏడాది గడిచాక గానీ అమ్మ నడుములో ఉన్నది ఒక్క నొప్పి కాదని తెలియలేదు. కుర్చీ వల్ల పుట్టేది ఒకటి, మెషిన్ నీటిని వేగంగా లాగడం వల్ల వచ్చేది ఒకటి, ఎముకల్లోంచి వచ్చేది ఇంకొకటి. మూడింటికీ ఒకే బిళ్ల మింగిస్తూ వచ్చాం. అదీ మింగకూడని బిళ్ల.

చెన్నైలో డయాలసిస్ సెంటర్ల వరండాల్లో తెలుగు బాగానే వినిపిస్తుంది. తడ, సూళ్లూరుపేట నుంచి లోకల్ రైల్లో వచ్చేవారు, నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడ గది తీసుకున్నవారు, తరాలుగా ఇక్కడే ఉన్నవారు. వాళ్ల మాటల్లో నడుము ప్రస్తావన రాని రోజు ఉండదు. అక్కడ విన్నదీ, డాక్టర్లను పదేపదే అడిగి రాసుకున్నదీ ఇక్కడ వరుసగా పెడుతున్నాను. నేను డాక్టరును కాను. మందుల మోతాదు విషయంలో మీ నెఫ్రాలజిస్టు మాటే చెల్లుతుంది.

ముందుగా: ఇంట్లో ఉంచుకోకూడని నొప్పులు

కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా చదవడం ఆపి ఆసుపత్రికి బయలుదేరండి. కదలలేని స్థితి అయితే 108కి ఫోను చేయండి.

- వెన్ను నొప్పితో పాటు జ్వరం, వణుకు. మెడలో కేథటర్ (డయాలసిస్ కోసం రక్తనాళంలో పెట్టిన గొట్టం) ఉన్నవారికి ఇది మరీ ముఖ్యం. కేథటర్ దారిన రక్తంలోకి చేరిన బాక్టీరియా వెన్నుపూసల మధ్య డిస్కులో తిష్ఠ వేయగలదు. డయాలసిస్ రోగుల్లో ఇన్ఫెక్షన్ ఉన్నా ఒక్కోసారి జ్వరం గట్టిగా రాదు. 99 దగ్గర ఆగిందని ఊరుకోకండి.
- కాళ్లలో పట్టు తగ్గడం, తొడల లోపలివైపు, మలద్వారం చుట్టూ మొద్దుబారడం, మల విసర్జన మీద అదుపు తప్పడం.
- రెండు రెక్కల ఎముకల నడుమ చీల్చినట్టు ఒక్కసారిగా వచ్చే నొప్పి, లేదా చెమటలు, ఆయాసంతో కలిసి వచ్చే వెన్ను నొప్పి. ఇది గుండెది గానీ, గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళానిది గానీ కావచ్చు.
- జారిపడ్డాక, లేదా ఏదో చిన్న బరువు ఎత్తగానే మొదలై పక్కకు ఒత్తిగిలనివ్వని నొప్పి. పెళుసెక్కిన వెన్నుపూస చిన్న కుదుపుకే నలిగిపోతుంది.

రెండోదాని గురించి ఒక మాట. నడుము నొప్పి మీద రాసే కరపత్రాలన్నీ 'మూత్రం ఆగిపోతే ప్రమాదం' అంటాయి. అసలు మూత్రమే రానివారికి ఆ గుర్తు ఎందుకు పనికొస్తుంది? వాళ్లు చూసుకోవాల్సింది మొద్దుబారడాన్ని, కాళ్ల బలాన్ని. పొటాషియం బాగా పెరిగినా కాళ్లు సడలిపోతాయి. అదీ క్షణం ఆగకూడని సంగతే.

మొదటి మెట్టు: క్యాలెండర్ చీటీలు

మా ఇంట్లో రోజుకో కాగితం చింపే క్యాలెండర్ ఉంది, కిరాణా కొట్టువాళ్లు ఇచ్చింది. ముందువైపు రాహుకాలం, యమగండం. చింపిన కాగితం వెనకవైపు ఖాళీ. అక్కడ అమ్మ చేత నాలుగు సంగతులు రాయించడం మొదలుపెట్టాను: నొప్పి ఎన్ని గంటలకు మొదలైంది, అప్పుడు ఏం చేస్తోంది, ఎక్కడ, దేనితో తగ్గింది. డయాలసిస్ రోజైతే ఇంకో రెండు: ఎంత నీరు తీశారు, లేచాక బీపీ ఎంత. రెండు వారాలు రాయండి. నొప్పికి పదికి మార్కులు వేయమంటే అమ్మ ఎప్పుడూ ఐదే వేసేది, అది వదిలేశాం. 'కూర గిన్నె దించగలిగానా లేదా' అన్నది అంతకన్నా నిజం చెబుతుంది.

ఆ చీటీలను ఇలా చదవాలి.

మెషిన్ పెట్టిన మొదటి అరగంట, ముప్పావుగంటలో వెన్నులోనో ఛాతీలోనో నొప్పి మొదలై, ప్రతిసారీ అదే వేళకు వస్తోందంటే డయలైజర్ (రక్తాన్ని వడకట్టే ఫిల్టర్) ఒంటికి పడకపోవడం కావచ్చు. కొత్త డయలైజర్ వేసిన రోజే వస్తోందా, కడిగి మళ్లీ వాడిన రోజూ వస్తోందా అని రాసుకుంటే డాక్టరుకు పని తేలికవుతుంది, రకం మార్చి చూస్తారు. ఇది కాక అరుదైన ప్రమాదం ఒకటుంది. నడుము నొప్పి, ఛాతీ పట్టేయడంతో పాటు గొట్టంలో రక్తం మామూలు ఎరుపు పోయి నల్లద్రాక్ష రసంలా పలుచగా, మెరుస్తూ కనిపిస్తే రక్తకణాలు చిట్లిపోతున్నాయన్నమాట. గొట్టం మడతపడినా, డయాలసిస్ ద్రవం వేడెక్కినా, నీటి శుద్ధిలో క్లోరమిన్ అనే రసాయనం మిగిలిపోయినా ఇలా జరుగుతుంది. గట్టిగా పిలవండి, మెషిన్ ఆపాల్సిన విషయం అది.

రెండో గంట దాటాక మెల్లగా మొదలై, లేచి నాలుగడుగులు వేస్తే సర్దుకునే నొప్పి కుర్చీది, కండరాలది. చివరి గంటలో పిక్కలతో పాటు నడుము ఒక్కసారిగా పట్టేస్తే నీరు తీసే వేగాన్ని అనుమానించాలి. వేళాపాళా లేకుండా రోజంతా సన్నగా ఉండి, పక్కటెముకల్లో, తుంటిలో కూడా పలుకుతుంటే ఎముకల వైపు చూడాలి. పడుకున్నా తగ్గక, రాత్రిపూట మరీ ఎక్కువయ్యే నొప్పి మంచిది కాదు. ఇన్ఫెక్షన్, వెన్నుపూస విరగడం, వెన్ను క్షయ ఉన్నాయేమో చూడమని అడగండి.

క్షయ గురించి కొంచెం ఆగి చెప్పాలి. డయాలసిస్ వారిలో అది మామూలువారి కంటే ఎక్కువ. సాయంత్రం ఒళ్లు వెచ్చబడటం, ఆకలి చచ్చిపోవడం, బరువు తగ్గడం దాని గుర్తులంటారు. అయితే డయాలసిస్ రోగి బరువు తగ్గినట్టు తూనిక చెప్పదు. కండ కరిగినంత మేరా నీరు చేరి అంకె అలాగే ఉంటుంది. జాకెట్టు భుజాల దగ్గర వదులై, పాదాల్లో వాపు కనిపిస్తూ, తూనిక మీద అదే అంకె నిలబడితే ఆ మాట డాక్టరుకు చెప్పండి. భయపడాల్సిన పని లేదు. క్షయ రోగిని శానిటోరియంలో పడుకోబెట్టనక్కర్లేదు, ఇంటి దగ్గరే మందులతో నయం చేయవచ్చని లోకానికి చూపించిన పరిశోధన ఈ ఊళ్లోదే. అందుకోసం 1956లో ఇక్కడ మొదలైన కేంద్రమే ఇవాళ చెట్‌పట్‌లో ఉన్న జాతీయ క్షయ పరిశోధన సంస్థ. మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. డయాలసిస్ వారికి వాటిలో కొన్నింటి మోతాదు, ఇచ్చే రోజులు మారతాయి, సాధారణంగా డయాలసిస్ అయ్యాక ఇస్తారు.

నడుము చుట్టూ ఒకవైపే మంటగా, పట్టీ కట్టినట్టు ఉంటే రెండు మూడు రోజుల్లో పొక్కులు వస్తాయేమో చూడండి. అది సర్పి. దాని మందు మోతాదు డయాలసిస్ వారికి బాగా తగ్గించాలి, లేకపోతే మనిషి అయోమయంలో పడిపోతారు. కిడ్నీల్లో నీటితిత్తుల జబ్బు ఉన్నవారికి ఒక పక్క డొక్కలో వచ్చే నొప్పి తిత్తిలో రక్తం చేరడం వల్లో, చీము పట్టడం వల్లో కావచ్చు. పొట్టలో ద్రవం నింపుకుని ఇంట్లోనే డయాలసిస్ చేసుకునేవారి లెక్క వేరు. ఆ రెండు లీటర్లూ నడుమును ముందుకు లాగుతాయి. పగటి పరిమాణం తగ్గించి రాత్రికి మార్చవచ్చేమో అడగండి.

రెండో మెట్టు: ముందు ఎవరికి చెప్పాలి

కిడ్నీ డాక్టరుకు. ఎముకల డాక్టరు దగ్గరికి తర్వాత వెళ్లవచ్చు, వెళ్లినప్పుడు 'డయాలసిస్' అన్నది మొదటి మాటగా చెప్పాలి. మేము తారుమారు చేశాం, ఫలితం కింద చెబుతాను. తడ వైపు నుంచి రైల్లో వచ్చేవారికి సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో రెండు విభాగాలూ ఒకే ఆవరణలో ఉన్నాయి.

భాష దగ్గర చిన్న తిరకాసు ఉంది. మనం 'నడుము' అనే చోటును ఇక్కడివాళ్లు 'ఇడుప్పు' అంటారు, పైభాగం వీపు 'ముదుగు'. అమ్మ తనకు వచ్చిన అరవంలో కొన్నాళ్లు 'ముదుగు వలి' అంటూ వచ్చింది, నర్సు పైవీపు మీదే చెయ్యి పెట్టి చూసేది. వణుకుతో జ్వరం 'కుళిర్ జురం', మొద్దుబారితే 'మరత్తుప్పోచ్చు'. ఈ నాలుగు మాటలూ నేర్చుకుని, వేలితో చూపించి మరీ చెప్పండి.

పరీక్షలు సాధారణంగా ఇవి: కాల్షియం, ఫాస్ఫేట్, పీటీహెచ్ (ఎముకల్లోంచి కాల్షియం లాగే పారాథైరాయిడ్ హార్మోన్), ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, విటమిన్ డి, రక్తకణాల లెక్క, సీఆర్‌పీ, అనుమానం ఉంటే రక్తం కల్చర్, ఎక్స్‌రే, ఎమ్మారై. ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్‌ను సూచించే ఈఎస్ఆర్ డయాలసిస్ వారిలో ఊరికే కూడా ఎక్కువగానే ఉంటుంది, ఆ ఒక్క అంకె చూసి బెంబేలెత్తకండి. పీటీహెచ్ మామూలు మనుషుల గరిష్ఠానికి రెండు నుంచి తొమ్మిది రెట్ల మధ్య ఉంటే డయాలసిస్‌లో సరేనంటారు. అందుకే ల్యాబు కాగితం మీద ఎర్రగా కనిపించిన ప్రతిదీ జబ్బు కాదు. అమ్మది ఆ హద్దు కూడా దాటి పైకి పాకుతోంది. ఎమ్మారైకి వెళ్తే డయాలసిస్ సంగతి ముందే చెప్పండి, రంగుమందు ఇవ్వాలా, ఇస్తే ఏ రకం అన్నది వాళ్లు చూసుకోవాలి.

మూడో మెట్టు: కుర్చీని లొంగదీయడం

సూది గుచ్చక ముందే కూర్చునే తీరు కుదుర్చుకోవాలి. గుచ్చాక చెయ్యి కదలదు, అప్పుడు నడుము సర్దబోతే గొట్టం మడతపడుతుంది, సూది జారవచ్చు. మా పద్ధతి ఇదీ: చేతి తువాలును పొడవుగా చుట్టి నడుము వంపులో, సరిగ్గా చీర కుచ్చిళ్ల ఎత్తున వెనక్కి పెడతాం. లావు ఎక్కువైతే వీపు విల్లులా వంగుతుంది, పిడికిలి మందం చాలు. మోకాళ్ల కింద దిండు. ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్‌తో కలిపిన రక్తనాళం) ఉన్న చెయ్యి కింద ఇంకో చిన్న దిండు, లేకపోతే ఆ భుజం వేలాడి నొప్పంతా ఒక పక్కకే దిగుతుంది. అమ్మకు ఈ మూడోదే ఎక్కువ పనిచేసింది. ఎవరూ చెప్పలేదు, పక్క కుర్చీ పెద్దాయన అలా పెట్టుకోవడం చూసి నేర్చుకున్నాం.

అరగంటకోసారి కుర్చీ వాలు కొద్దిగా మార్చమని టెక్నీషియన్‌ను అడగండి. మొహమాటం వద్దు. మొదటి రెండు గంటల్లో పాదాలను ముందుకు వెనక్కు ఆడించడం, మడమ నొక్కి తొడ బిగించి వదలడం చేయవచ్చు. ఆ తర్వాత బీపీ పడిపోయే అవకాశం పెరుగుతుంది, ఊరుకోండి. అయిపోగానే దిగ్గున లేవకండి. కాళ్లు కిందికి వేసి ఐదు నిమిషాలు కూర్చుని, బీపీ చూపించుకుని నిలబడండి.

నాలుగో మెట్టు: నీటి లెక్క

చివరి గంటలో పట్టేసే నడుముకు బిళ్ల కన్నా లెక్క మేలు. కిలో బరువుకు గంటకు 13 మిల్లీలీటర్ల కంటే వేగంగా నీరు లాగితే శరీరం తట్టుకోవడం కష్టం. అమ్మ పొడి బరువు (అదనపు నీరంతా తీసేశాక ఉండే బరువు) 52 కిలోలు. నాలుగు గంటల్లో హాయిగా తీయగలిగేది 2.7 లీటర్లు. అమ్మ మూడున్నర కిలోలు ఎక్కి వెళ్లేది! నొప్పి రాకేం చేస్తుంది? దారులు మూడే: తక్కువ తాగడం, ఉప్పు తగ్గించడం, లేదా అరగంట ఎక్కువసేపు డయాలసిస్ చేయించుకోవడం. మే నెల చెన్నైలో దాహం ఆపుకోమనడం తేలిక కాదు. ఊరగాయ మానకుండా నీళ్లు తగ్గించడమైతే అసలు కుదరదు. ఆవకాయ జాడీ అటక మీదికి ఎక్కిన నెలలోనే అమ్మకు ఆ పట్టేయడం పోయింది. పొడి బరువును కూడా మళ్లీ అంచనా వేయమనండి, అది ఎప్పుడో పెట్టిన అంకె అయ్యుండవచ్చు.

ఐదో మెట్టు: మందులు

ఇక్కడే చాలా ఇళ్లు దెబ్బతింటాయి. మా వీధి మెడికల్ షాపతను "ఒక ఊసి వేస్తే సరిపోతుంది" అనేవాడు. ఊసి అంటే ఇంజెక్షన్, అందులో ఉండేది డైక్లోఫెనాక్. ఐబుప్రోఫెన్, అసిక్లోఫెనాక్, నాప్రోక్సెన్, ఎటోరికాక్సిబ్ అన్నీ ఆ కుటుంబమే. 'కిడ్నీలు ఎలాగూ పోయాయి కదా, ఇంకేం పాడవుతుంది' అంటారు చాలామంది. రోజుకు ఒక గ్లాసు మూత్రం వస్తున్నా అది బంగారం, ఈ బిళ్లలు దాన్నీ ఎండగడతాయి. బీపీ, పొటాషియం పెంచుతాయి, గుండె మీద భారం వేస్తాయి. పైగా డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు, దానికి ఇవి తోడైతే కడుపులో రక్తస్రావం. మలం తారులా నల్లగా, జిగటగా వస్తే వెంటనే చూపించండి. ఐరన్ బిళ్లలకూ మలం నల్లబడుతుంది, తేడా డాక్టరే తేల్చాలి. పేరులో పారాసిటమాల్ ఉందని నమ్మి మేము ఏడాది పాటు మింగించిన బిళ్లలో అసిక్లోఫెనాక్ కూడా ఉంది. అట్ట వెనక చిన్న అక్షరాలు చదవలేదు.

మొదటి మందు ఒట్టి పారాసిటమాల్. 500 మి.గ్రా., ఆరు నుంచి ఎనిమిది గంటలకొకటి. రోజంతా కలిపి 3 గ్రాములు దాటకూడదు, కాలేయ జబ్బు ఉన్నవారికి, బాగా చిక్కినవారికి ఇంకా తక్కువ. మింగే ముందు జ్వరం చూసుకోండి, మింగాక అది దాక్కుంటుంది. నీళ్లలో బుస్సుమని కరిగే రకం వద్దు, ఒక్కో బిళ్లలో సుమారు 400 మి.గ్రా. సోడియం ఉంటుంది.

ఎముకల డాక్టరు కథ ఇక్కడ. నొప్పి కాలిలోకి జివ్వున లాగుతోందంటే ఆయన ప్రీగాబలిన్ రాశారు, మామూలు మనుషుల మోతాదులో, రోజుకు రెండుసార్లు. డయాలసిస్ మాట మేం చివర్లో చెప్పాం, ఆయన వినిపించుకోలేదు. మూడో రోజు పొద్దున అమ్మ కాఫీ గ్లాసు అందుకుంది. చెయ్యి ఒక్కసారి ఎగిరింది. గ్లాసు గోడకు తగిలింది. ఎవరో తట్టినట్టు తన చేతినే ఆశ్చర్యంగా చూసుకుంది. మాట ముద్దముద్దగా వచ్చింది. డయాలసిస్ చేశాక తేరుకుంది, ఎందుకంటే ఆ మందు బయటికి పోయే దారి అదొక్కటే. ప్రీగాబలిన్, గాబాపెంటిన్ చెడ్డవి కావు, నరాల నొప్పికి పనిచేస్తాయి. చాలా చిన్న మోతాదుతో మొదలుపెట్టి, డయాలసిస్ రోజున అది అయ్యాక వేసుకోవాలి. కండరాల పట్టుకు రాసే బాక్లోఫెన్ మాత్రం వద్దనే చెప్పండి, డయాలసిస్ వారిని స్పృహ తప్పించగలదు. ట్రమడాల్ తప్పనిసరైతే తగ్గించిన మోతాదులో, డాక్టరు కనిపెట్టి ఉండగా. మార్ఫిన్, కోడీన్ వ్యర్థాలు ఒంట్లో పేరుకుంటాయి, అంతకంటే మేలైన మందులు ఉన్నాయి.

'ఎముకల బలానికి' అని చుట్టాలు తెచ్చిచ్చే కాల్షియం బిళ్లలు, వారానికొకటి తాగే విటమిన్ డి పొడి సొంతంగా వాడకండి. ఆరు నెలలకోసారి వేసే డెనోసుమాబ్ ఇంజెక్షన్ డయాలసిస్ వారిలో కాల్షియాన్ని ప్రాణాపాయ స్థాయికి పడగొట్టగలదు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024లో దాని మీద అత్యంత తీవ్రమైన హెచ్చరిక వేసింది. ఎముకలకు అసలు మందు ఫాస్ఫేట్‌ను కట్టడి చేయడం. తిండిలోని ఫాస్ఫేట్‌ను పట్టేసే సెవెలమర్ లాంటి బిళ్లలు అన్నం ముద్దతో పాటే మింగాలి, తిన్న గంటకు మింగితే దండగ. కోలా పానీయాలు, ప్యాకెట్లలో వచ్చే నిల్వ తిండి తగ్గించాలి. కషాయాలు, భస్మాలు వద్దు, అందులో ఏ లోహం ఉందో, ఎంత పొటాషియం ఉందో ఎవరికీ తెలియదు.

ఆరో మెట్టు: కాపడం, కదలిక

ఉప్పు మూట కాపడం, వేడినీళ్ల సంచి మంచివే. షుగరు వల్ల స్పర్శ తగ్గినవారు వేడి తెలియక కాల్చుకుంటారు, కాబట్టి మధ్యలో తువాలు వేసి, వేడి ఇంకొకరు చూసి, పావుగంట మించకుండా పెట్టాలి. ఫిస్టులా చేతి మీద వేడీ వద్దు, నూనె మర్దనా వద్దు. ఎముకలు పెళుసని తేలినవారు వీపు తొక్కించుకోవడం, మెటికలు విరిపించుకోవడం మానాలి.

వ్యాయామం డయాలసిస్ లేని రోజు పొద్దున. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, నడుము కింది ఖాళీని నేలకు ఒత్తి, ఐదు లెక్కపెట్టి వదలడం, పదిసార్లు. అదే భంగిమలో పిరుదులను జానెడు ఎత్తి దించడం, ఐదుసార్లు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, ఐదుసార్లు. తర్వాత పది నిమిషాల నడక, వారానికి రెండు నిమిషాలు పెంచుతూ. చేతుల మీద బరువు మోపే ఆసనాలు, ముందుకు బాగా వంగేవి వద్దు. ఊపిరాడకపోయినా, నొప్పి కాలిలోకి దిగినా ఆపండి.

ఇక ఈ ఊరి ప్రత్యేక శత్రువు, 20 లీటర్ల మంచినీళ్ల క్యాన్. ఇరవై కిలోల బరువు వంగి లేపి బోర్లించడం ఏ నడుముకైనా శిక్షే, పెళుసు వెన్నుపూసకు ప్రమాదం. క్యాన్‌ను బల్ల మీదే ఉంచి పైన చేతిపంపు బిగించుకుంటే ఎత్తే పని తప్పుతుంది. వీధి కుళాయి నుంచి బిందె చంకన పెట్టుకుని రావడం కూడా ఇంట్లో ఇంకొకరి పని చేయండి.

నాలుగు వారాల తర్వాత

కొత్త చీటీలను పాతవాటి పక్కన పెట్టి చూడండి. ఏ వేళ నొప్పి తగ్గింది, ఏది అలాగే ఉంది? అలాగే ఉన్నదాన్ని పట్టుకుని మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లండి, చీటీలతో సహా. అమ్మకు చివరి గంట పట్టు పోయింది, కుర్చీ నొప్పి సగమైంది. పొద్దున లేవగానే పలికే ఎముకల నొప్పి మిగిలింది. పీటీహెచ్ మందులకు లొంగకపోతే పారాథైరాయిడ్ గ్రంథులకు ఆపరేషన్ గురించి ఆలోచిద్దామని డాక్టరమ్మ అన్నారు. వచ్చే నెల మళ్లీ రక్తం ఇవ్వాలి, ఫిస్టులా లేని చేతి నుంచి.